నాలుగు సెలవుల సిస్టరమ్మ

కృపారాణి సిస్టరమ్మకు ఈ లోకంలో చేతకానిది ఒక్కటే, చెప్పకుండా వెళ్ళిపోవడం. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఆవిడ ఇంజెక్షన్ చేస్తే సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు బయటికొచ్చిందో రోగికి తెలిసేది కాదంటారు. సూది అంత చప్పున బయటికొచ్చేది గానీ, ఆవిడ మాత్రం ఎవరింట్లోంచైనా అంత చప్పున బయటికొచ్చిన దాఖలా గజపతినగరంలో లేదు.

ఆవిడ సెలవు తీసుకోవడంలో నాలుగు మజిలీలున్నాయి. మొదటిది కుర్చీ సెలవు. "ఇంక ఎల్తానమ్మా" అని ఇంకాస్త బాగా సర్దుకుని కూర్చుంటారు. రెండోది గుమ్మం సెలవు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట, మాట మాత్రం మధ్యలో. మూడోది గేటు సెలవు, గడియ మీద చెయ్యి వేసి చెప్పేది. చివరిది ఆటో సెలవు. తల బయటికి పెట్టి చెప్పేది గనక కొంచెం గట్టిగా ఉంటుంది, వీధి మొత్తానికి వర్తిస్తుంది. ఊళ్ళో ఆటోవాళ్ళు ఆవిడ చెయ్యెత్తగానే ముందు ఇంజను ఆపేసి, సీటు వెనక్కి వాల్చుకుంటారు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో ఒక్కొక్కరికీ పేరు పేరునా వందనాలు చెప్పి గాని ఆవిడ మెట్లు దిగరు. తాళాలు వేయవలసిన ఎర్రన్న కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఇప్పుడు తాళంచెవులు ఆవిడ చేతికే ఇచ్చి భోజనానికి వెళ్ళిపోతున్నాడు. ఏటీఎంలో డబ్బు తీసుకుని "వందనాలు బాబూ" అని ఆ పెట్టెతో అంటుండగా వెనక నిలబడ్డ కిరాణా వెంకటరావుగారు కళ్ళారా చూశారు. ఆ పెట్టె కూడా 'ధన్యవాదాలు, మళ్ళీ రండి' అని చూపించిందట. కాబట్టి తప్పంతా ఆవిడదే అనడానికి లేదు.

రిటైరైన రోజున దండలు వేసి, పకోడీలు పెట్టి, ఆసుపత్రి వాళ్ళు జీపులో ఇంటిదగ్గర దింపారు. మర్నాడు తెల్లారేసరికి తెల్లచీర కట్టుకుని ఆవిడ మళ్ళీ వార్డులో ప్రత్యక్షం. ఏమిటమ్మా అంటే, రాత్రి డ్యూటీవాళ్ళకు చెప్పలేదు కదా అన్నారు.

కోడలు గ్లోరీ దీనికి సరిగ్గా ఎదురు. విజయనగరంలో ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది. చెయ్యి చాపమంటుంది, రక్తం తీస్తుంది, దూది పెడుతుంది, "తరవాత ఎవరండీ" అంటుంది. అత్తగారితో కలిసి ఎక్కడికైనా వెళ్తే గేటు బయట నిలబడి గడియారం చూసుకోవడమే ఆమె పని. ఇలాంటి అత్తాకోడళ్ళ మధ్యకి, చేరడం ఎంత తేలికో వదలడం అంత కష్టమైన వస్తువు ఒకటి వచ్చి పడింది.

చుట్టాల పెళ్ళికని శ్రీకాకుళం వెళ్ళినప్పుడు, అరసవల్లి రోడ్డులో పెద్ద గొడుగు కింద టై కట్టుకున్న అమ్మాయి ఒకత్తి ఉచితంగా బీపీ చూస్తూ కనిపించింది. పట్టీ మోచేతికి మరీ దగ్గరగా కడుతోందని సిస్టరమ్మ ఆగారు. ఎలా కట్టాలో నేర్పారు. స్నేహం కలిసింది. ఆ అమ్మాయి గురుదక్షిణగా ఆవిడ ఫోనులో 'నిత్యారోగ్య పాస్' ఎక్కించింది. మొదట్లో ఉచితమే. చేరడానికి ఒక్క వేలు చాలింది.

ఆ పాస్ వల్ల విజయనగరంలో ఏదో జిమ్ముకు తగ్గింపు ధరకు వెళ్ళొచ్చట. ఆవిడ వెళ్ళలేదు. నీళ్ళు తాగారా అని రోజూ ఫోనులో అడిగేది. తాగానని ఆవిడ నొక్కేవారు. 'శభాష్' అని వచ్చేది. ఆవిడ వందనాలు చెప్పేవారు. ఆ పాస్ వల్ల ఎవరికైనా మేలు జరిగితే అంతవరకే.

ఇంతలో ఆవిడ కుడికంట్లో శుక్లం ముదిరింది. గురువారం ఆపరేషన్ అని డాక్టరు రాసిచ్చాడు. దానికి కావలసిన డబ్బు బ్యాంకులో వేసి ఉంచారు. సరిగ్గా ముందటి శుక్రవారం ఫోనుకి కబురొచ్చింది. 'మీ పాస్ సోమవారంనాడు దానంతటదే ఏడాదికి పొడిగించబడుతుంది. మీరు చేయవలసింది ఏమీ లేదు.'

ఆ ఆఖరి వాక్యంలో ఉన్న ఆప్యాయత చూసి గ్లోరీ లెక్క కట్టింది. ఏడాది రుసుమంటే ఆపరేషన్ డబ్బులో సగానికి సగం. అది పోతే గురువారం పోయినట్టే. వెంటనే బ్యాంకుకి వెళ్ళి ఆపించేద్దామంది. సిస్టరమ్మ ఒప్పుకోలేదు.

"సెప్పకుండా దొడ్డిదారిని పారిపోడమేటే? దొంగతనం సేసేమా? ఎల్తన్నామని సెప్పి ఎల్దాం."

"ఎవలికి సెప్తావత్తా? అది మనిషి కాదు, ఫోను."

"ఫోను ఎనకాతల మనిషుండడేటి?"

ఈ చర్చ తేలేలోపు బ్యాంకు మూసేశారు. మర్నాడు రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం. ఇక మిగిలింది ఫోనే.

గ్లోరీ ఫోను తీసుకుని పాస్ వదులుకునే దారి వెతికింది. 'ఉంటాను' అనే మీట చిలకపచ్చ రంగులో అప్పడమంత ఉంది. 'వెళ్తాను' అన్నది మాత్రం బూడిదరంగు మీద బూడిదరంగుతో, చీమ నడిచిన జాడలా ఉంది. శుక్లం ఉన్న కంటికి అది ఆనదు. అంటే ఆపరేషన్ అయితే గాని ఆవిడ పాస్ వదల్లేరు, పాస్ వదిలితే గాని ఆపరేషన్ అవదు. ఇది తలపెట్టినవాడెవడో చాలా చదువుకున్నవాడై ఉండాలని గ్లోరీ అనుకుంది.

ఎలాగో ఆ చీమజాడ పట్టుకుని నొక్కితే, కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లబొమ్మ ఒకటి వచ్చి 'మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోతారా' అని అడిగింది. పొయ్యి మీద పప్పు పొంగుతోందని గ్లోరీ లేచింది. తిరిగొచ్చేసరికి సిస్టరమ్మ అప్పడమంత మీట నొక్కేసి ఉన్నారు. పిల్ల ఏడుస్తుంటే చూస్తూ వెళ్ళిపోవడం బాగుండదు, కాస్త ఊరుకోబెట్టి వెళ్దామని ఆవిడ ఉద్దేశం.

గ్లోరీ మళ్ళీ మొదటినుంచి వచ్చింది. ఈసారి అత్తగారి చేతులకు చిక్కుడుకాయల గిన్నె అప్పజెప్పింది. ఏడ్చే పిల్ల దాటింది. ఎందుకు వెళ్తున్నారో చెప్పమనే పేజీ దాటింది. మీరు వెళ్ళిపోతే ఏమేం నష్టపోతారో వివరించే పేజీలూ దాటింది. చిట్టచివర, ఇక ఇల్లు చేరినట్టే అనుకున్నచోట, 'రద్దు కోసం పగటిపూట ఫోన్ చేయండి, పాస్ ఎవరి పేర ఉందో వారే మాట్లాడాలి' అని ఒక నంబరు కనిపించింది. గ్లోరీ తల పట్టుకుంది. సిస్టరమ్మ ముఖం మాత్రం క్రిస్మస్ నక్షత్రంలా వెలిగింది. మనిషి దొరికాడు.

శనివారం పొద్దున్నే ఫోను స్పీకర్‌లో పెట్టి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. 'మీ కాల్ మాకెంతో ముఖ్యం' అని యంత్రం అంది. సిస్టరమ్మ దానికి వందనాలు చెప్పారు. పాట వినిపించింది. పాట బాగుందన్నారు. పాట వాడిపోయేంతసేపు వినిపించాక త్రినాథ్ అనే కుర్రవాడు పలికాడు.

ఆ గొంతు చిలకపలుకులు పలుకుతోందని గ్లోరీకి వెంటనే తెలిసిపోయింది. మీరు మా నిత్యారోగ్య కుటుంబంలో ఒకరు మేడమ్ అన్నాడు. సిస్టరమ్మ సంతోషించి, కుటుంబమన్నాక అడగకపోతే ఎలా, అమ్మగారు ఎలా ఉన్నారు బాబూ అన్నారు. దీనికి జవాబు కంపెనీవాళ్ళు రాసిచ్చిన కాగితంలో ఉన్నట్టు లేదు. బాగున్నారు మేడమ్ అని, రెండు నెలలు ఉచితంగా ఇస్తానన్నాడు. అయ్యో, నీకు మాత్రం ఖర్చు కాదా నాయనా అన్నారావిడ. దానికీ కాగితంలో జవాబు లేదు.

"మేడమ్, మీరు వెళ్ళడానికి ముఖ్య కారణం..." అంటూ అతను దగ్గాడు.

"కారణం తరవాత సెప్తాను. ఆ దగ్గు ఎన్నాళ్ళయినాది? పొడిదగ్గా, కళ్ళె పడతన్నాదా?"

కాగితం ఎక్కడో జారి పడిపోయింది. గొంతు తగ్గించి త్రినాథ్ తన సొంతూరు శృంగవరపుకోట యాసలోకి దిగాడు. "పొడిదేనమ్మా. మంచినీళ్ళకి లెగిస్తే లైను కాళీ అయిపోతాది. మాట ఇనపడకపోతే పైవోళ్ళు మార్కులు కోసేస్తారు."

"మాట ఇనపడితే సాలు గదా. నువ్వా సెవులది తీసి పక్కనెట్టి, ఎల్లి ఏన్నీళ్ళు తాగిరా. ఇక్కడ నేను మాటాడతంటాను."

ఆ తరవాత సిస్టరమ్మ ఖాళీ కుర్చీతో ఏకబిగిన మాట్లాడారు. ఉప్పునీళ్ళు పుక్కిలించడం ఎలాగో, మిరియాల పాలలో పసుపు ఎంత వెయ్యాలో, వెనకటి వార్డులో ఎవరి దగ్గు ఎలా తగ్గిందో అన్నీ చెప్పారు.

"అత్తా, అక్కడెవలూ లేరు."

"తెలుసులేవే" అని ఆవిడ మళ్ళీ మిరియాల దగ్గరకు వెళ్ళిపోయారు.

త్రినాథ్ గొంతు తడుపుకుని తిరిగొచ్చాడు. అప్పుడు సిస్టరమ్మ ఒక్క ముక్కలో పని చెప్పారు. కంటి ఆపరేషనుంది, పాస్ వద్దు. అతను మళ్ళీ కాగితం వెతుక్కున్నట్టున్నాడు. సిస్టమ్ పనిచేయడం లేదు మేడమ్, సోమవారం మధ్యాహ్నం చేయండి అన్నాడు.

సోమవారం తెల్లారేసరికే డబ్బు పోతుంది. గ్లోరీ ఫోను లాక్కోబోయింది. సిస్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టి, కోపం లేకుండా, "సరే నాయినా, ఎల్తాను మరి" అన్నారు.

అది కుర్చీ సెలవని గ్లోరీకి తెలుసు. వాళ్ళ అమ్మగారిని అడిగానని చెప్పమనడం గుమ్మం సెలవు. చలిగాలిలో తిరగొద్దనడం గేటు సెలవు. గురువారం కళ్ళముందే కరిగిపోతుంటే గ్లోరీ ఒక్కొక్క సెలవూ వేళ్ళు మడుస్తూ విన్నది. ఆఖరికి సిస్టరమ్మ ఆటో ఎక్కినంత గట్టిగా, ప్రభువు నిన్ను చల్లగా చూస్తాడు నాయనా అన్నారు. ఫోను పెట్టేయడమే తరువాయి.

"అమ్మా, ఫోను పెట్టీకండి." గొంతు బాగా కిందికి దిగింది. "సిస్టమ్ బాగానే ఉన్నాది. ఈ వారం నా సేతి మీద ఇంకొకలు ఎలిపోతే నన్ను తీసేస్తారు. మా పెద్ద మేడమ్ కావాలని అడగండి. ఆవిడ సేస్తే నా మీదకి రాదు. నేను సెప్పేనని సెప్పకండి."

"నువ్వేటి సెప్పేవు నాయినా? నాకేటీ ఇనపడలేదు" అన్నారు సిస్టరమ్మ. ఆ వెంటనే, వార్డు ఈ చివరినుంచి ఆ చివరికి వినబడే పాత గొంతుతో, మీ పెద్ద మేడమ్‌ని పిలవమన్నారు.

పెద్ద మేడమ్ వచ్చి, మీరు మా కుటుంబంలో ఒకరంటూ అదే కాగితం మొదటినుంచి అందుకుంది. సిస్టరమ్మ అమ్మగారి క్షేమం అడిగారు. తరవాత నాన్నగారిది. తరవాత ఆ మేడమ్ నిలబడి పనిచేస్తుందా, కూర్చుని పనిచేస్తుందా, నడుం ఎలా ఉందీ అడిగారు. జనాన్ని వెళ్ళనివ్వకుండా పట్టుకోవడమే కొలువుగా బతుకుతున్న ఆ మనిషికి, తనను వెళ్ళనివ్వని మనిషి తగలడం అదే మొదటిసారి అయి ఉంటుంది. గుమ్మం సెలవు దాకా కూడా రాకముందే పాస్ రద్దయింది. ఫోనులో పిల్లబొమ్మ మళ్ళీ ఏడ్చింది. ఈసారి గ్లోరీ దాన్ని కళ్ళారా చూసి ఆనందించింది.

"వాడు సెప్తాడని నీకు ముందే తెలుసా అత్తా?"

సిస్టరమ్మ చిక్కుడుకాయల గిన్నె దగ్గరకు లాక్కున్నారు. "మంచం మీద ఎవలూ సెప్పరే. డాక్టరొచ్చి అడిగితే బాగున్నాదండీ అంటారు. మందుల సీటీ పట్టుకుని గుమ్మం దాకా ఎల్లి, అప్పుడు ఎనక్కి తిరిగి, అమ్మా ఒక మాట అంటారు. అసలు రోగం అదీ. మనం అప్పటికే లోపలికి ఎలిపోతే ఎవలికి సెప్పుకుంటారు?"

వెంకటరావుగారి గుండెనొప్పి సంగతి ఆయన భార్య కన్నా ముందు సిస్టరమ్మకెలా తెలిసిందో, ఎర్రన్న కూతురు చదువు మానేస్తోందన్న సంగతి పాస్టరుగారి చెవిలో ఎవరు వేశారో గ్లోరీకి ఆ చిక్కుడుకాయల దగ్గర అర్థమైంది. ఇన్నాళ్ళూ తను గేటు బయట నిలబడి గడియారం చూసుకున్నది ఆ మాటలు జరుగుతున్నప్పుడే.

గురువారం ఆపరేషన్ చక్కగా జరిగింది. కట్టు విప్పేలోపే కళ్ళాసుపత్రిలో అందరి పేర్లూ, చాలామంది నడుంనొప్పులూ సిస్టరమ్మకు తెలిసిపోయాయి.

ఆ మరుసటి వారం ఒక పొద్దున్న గ్లోరీ సంచి భుజాన తగిలించుకుని, వెళ్ళొస్తానని చెప్పి, గుమ్మం దాటింది. ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు దిగలేదు.

"అత్తా, ఒక మాట."

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చున్న సిస్టరమ్మ తల తిప్పారు. "సెప్పమ్మా."

"నా ఫోన్లోనూ ఒకటి ఉన్నాది. ఇంగ్లీషు నేర్పేది. పెళ్ళికి ముందునుంచీ నెలనెలా లాగేస్తన్నాది. ఎన్నిసార్లు ఆపుదామన్నా ఆగట్లేదు. మీ అబ్బాయికి తెలీదు."

సిస్టరమ్మ నవ్వలేదు. ఆలోచించారు.

"ఇంగ్లీషు వచ్చినాదేటి?"

"రాలేదు."

"అయితే ఇలా కూకో. నంబరు కొట్టు" అని పక్కనున్న పీట ముందుకు జరిపారు.

గ్లోరీ చెప్పులు విప్పింది.