మా అత్త నోట చకారం

నేను ఎచ్చెర్ల దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. పాప పుట్టాక మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాల్సి వస్తే, మా అత్త నరసన్నపేట పక్క పల్లె నుంచి శ్రీకాకుళం వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. పాపకు మాటలు వచ్చింది ఆవిడ ఒళ్ళోనే. పెరట్లో కూర్చోబెట్టుకుని ముద్దలు పెడుతూ, "అటు సూడు గుంటా, కాకి. కాకి ఏటంతన్నాది?" అని అడిగేది.

"ఆకలేస్తన్నాదంట," అనేది పాప.

పిల్లలు భాషను ఎలా పట్టుకుంటారో చెప్పే పాఠానికి నాకు ఉదాహరణలన్నీ ఇంట్లోనే దొరికేవి. విడి ధ్వనులు కలిసి అర్థమున్న ముక్కలవుతాయి, ముక్కలు మాటలు, మాటలు వాక్యాలు. ఈ కూర్పు ఎవరూ నేర్పకుండానే పసివాళ్ళకు వచ్చేస్తుంది. మా పాప నన్ను "అమ్మా, ఇలా వచ్చు" అని పిలిచేది. వచ్చాను, వచ్చింది అనే మాటలు విని, "రా" బదులు తనే ఒక మాట తయారు చేసుకుంది. క్లాసులో ఇది గర్వంగా చెప్పేదాన్ని. ఏ యాసకైనా తన వ్యాకరణం నిండుగా ఉంటుందనీ, తక్కువ యాస అంటూ లేదనీ నోట్సు కూడా రాయించేదాన్ని.

మూడున్నరేళ్ళప్పుడు పాపను స్కూల్లో చేర్చడానికి తీసుకెళ్ళాను. టీచరు బొమ్మల పుస్తకం తెరిచి ఒక పడవ చూపించింది. "పడవ. దీనెక్కి సేపలు పడతారు," అంది పాప. టీచరు నవ్వి, "ఇంట్లో మామ్మగారు పెంచుతున్నారా?" అంది. అంతే. అందులో వెటకారం ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. నా చెవులు మాత్రం వేడెక్కాయి.

ఇంటికొచ్చేసరికి అత్త పొట్లకాయ తరుగుతోంది. "పాప ముందు కొంచెం సరిగ్గా మాట్లాడండి అత్తా. అందరూ నవ్వుతున్నారు," అన్నాను. నవ్వింది ఒక్కరే.

ఆవిడ కత్తిపీట పక్కకు పెట్టింది. "నాకు సదువు నేదు కదమ్మా. ఎలా మాట్లాడాలో నువ్వే సెప్పు."

నేను నిజంగానే చెప్పాను. స కాదు, చ పలకాలన్నాను. చూడు, చెప్పు, చేప అని నాలుగైదు మాటలు పలికించాను. అరవై దాటిన మనిషి చిన్నపిల్లలా నా నోరు చూస్తూ ఒక్కొక్కటే పలికింది. "బాగుంది," అని కూడా అన్నాను.

మర్నాటి నుంచి అత్త పాపతో మాట్లాడటం మానేసింది. ముద్ద పెట్టేటప్పుడు కాకిని వేలితో చూపించేది. స్నానానికి పిలవాలంటే చేత్తో సైగ చేసేది. నేను గమనించలేదని చెబితే అబద్ధం. పాప నోట్లోకి నా మాటలు వస్తున్నాయి కదా అని ఊరుకున్నాను.

పదిరోజులయ్యాక పాప అడిగింది. "అమ్మా, మామ్మకి గొంతు నొప్పా?"

ఆ సాయంత్రం వంటింట్లో అత్త పక్కన కూర్చుని, ఎందుకు మాట్లాడటం లేదని అడిగాను.

"తప్పొస్తాదని బయమమ్మా. నా మాట గుంటకి అంటుకుంటే నువ్వు నలుగురిలో సిగ్గుపడాలి కదా."

ఆవిడ చేతులు పట్టుకున్నాను. "తప్పు నాది అత్తా. మీరు ఎప్పటిలాగే మాట్లాడండి."

ఆవిడ కాసేపు ఆలోచించి, "చరేనమ్మా," అంది.

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత సంతను చంత అంది, సబ్బును చబ్బు అంది. ఏ మాటలో మార్చాలో, ఏ మాటలో మార్చకూడదో తెలియక, నా ఎదుట పడితే చాలు, అన్నిట్లోనూ చ పెట్టేస్తోంది. ఇలా ఎందుకు జరుగుతుందో కాలేజీ పిల్లలకు పాఠం చెప్పగలను. ఆవిడకు మాత్రం "అది సరే, చరే కాదు" అని చెప్పలేకపోయాను. చెబితే మళ్ళీ దిద్దినట్టే అవుతుంది.

పాపతో మాటలు మెల్లగా మళ్ళీ మొదలయ్యాయి, నేను లేనప్పుడు. ఇది జరిగి రెండేళ్ళు దాటింది. నాతో మాత్రం అత్త ఇప్పటికీ అవసరమైనంతే, ఆచితూచి మాట్లాడుతుంది.

మొన్న కాలేజీ నుంచి తొందరగా వచ్చాను. లోపల అత్త కథ చెబుతోంది. "అప్పుడా నక్క ఏటి సేసిందో సెప్పు సూద్దాం." పాప ఏదో అంది, ఇద్దరూ నవ్వుకున్నారు. లోపలికి వెళితే ఆ కథ ఆగిపోతుందని నాకు తెలుసు. బ్యాగు భుజానే ఉంచుకుని, కథ పూర్తయ్యేదాకా అరుగు మీద కూర్చున్నాను.