నాన్న వైపు నుంచి వచ్చింది

మీ అమ్మగారి వైపు ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉందా అని విశాఖలో డాక్టరమ్మ అడిగితే, లేదని గర్వంగానే చెప్పాను. అమ్మ ఎనభై దాటాక పోయింది. "మరి నాన్నగారి వైపు?" అంది. ఈ జబ్బుకి నాన్నతో ఏం పని అనుకున్నాను. తీరా ఆలోచిస్తే మేనత్త గుర్తొచ్చింది. ముప్పై అయిదేళ్ళకే పోయిందావిడ. ఆఖరి నెలల్లో మమ్మల్ని ఆ గదిలోకి వెళ్ళనిచ్చేవారు కాదు. ఏం జబ్బో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

రక్త పరీక్షలో బి.ఆర్.సి.ఏ. అనే జన్యువులో మార్పు ఉందని తేలింది. నా క్యాన్సర్ ట్రిపుల్ నెగెటివ్ రకమట, దానికి హార్మోన్ మాత్రలు పనిచెయ్యవు. ముందు కీమో, తర్వాత ఆపరేషన్. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, రెండో రొమ్ముకీ అండాశయాలకీ కూడా ముప్పుందంది. నా సంగతి నేను పడతాను. కానీ నాన్న నుంచి వచ్చిన ఆ మార్పు తమ్ముడికీ ఉండే అవకాశం సగానికి సగం. వాడికి ఉంటే వాడి కూతురికీ రావచ్చు. ముందే తెలిస్తే కనిపెట్టుకుని ఉండొచ్చట. మా ఆయన పోయారు, నాకు పిల్లల్లేరు. నాకున్నది ఆ పిల్లే.

కోటబొమ్మాళిలో తమ్ముడి కిరాణా కొట్టుకి వెళ్ళి చెప్పాను. పప్పు తూస్తున్నవాడు చెయ్యి ఆపలేదు.

"మగోడికి రొమ్ము జబ్బేటి అప్పా. పిల్లకి సంబంధాలు సూస్తన్నాం. ఈ మాట బయటికొస్తే ఎవుడు సేసుకుంటాడు? నీకాడే ఉంచుకో."

ఆ తర్వాత శ్రీకాకుళంలో మా ఇంటికి రావడం మానేశాడు. ఎచ్చెర్లలో చదువుకుంటున్న పిల్ల ఆదివారాలు వచ్చేది, దాన్నీ మాన్పించాడు. కీమోకి ఒక్కదాన్నే రైల్లో వెళ్ళొచ్చేదాన్ని. తోడెవరమ్మా అని ఎవరైనా అడిగితే, ముందు పెట్టెలో ఉన్నారని అబద్ధమాడేదాన్ని. ఇంటికొచ్చాక ఏడ్చేదాన్ని, దాచడమెందుకు.

మూడో కీమో అయ్యాక నేనే ఎచ్చెర్ల వెళ్ళాను. యూనివర్సిటీ గేటు ఎదుట టీ బడ్డీ దగ్గర పిల్లని కూర్చోబెట్టి అంతా చెప్పాను. అది నా గుండు మీద జారిన కొంగు సర్దింది.

"నాన్నకి తెలుసా అత్తా?"

తెలీదంటే నాకు తమ్ముడు మిగులుతాడు. కానీ అప్పుడు ఇది నేరుగా వెళ్ళి పరీక్షకి వాణ్ణే అనుమతి అడుగుతుంది, వాడు దీని నోరు మూయిస్తాడు.

"తెలుసమ్మా," అన్నాను.

పరీక్ష ఎక్కడ చేస్తారో రాసిమ్మంది. రాసిచ్చాను.

మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు. పరీక్ష చేయించుకుంటానని పిల్ల చెప్పేసిందట. "నువ్వు సచ్చినా నీ గడప తొక్కను," అన్నాడు. నాకు కొరివి పెట్టాల్సినవాడు వాడే. పెట్టకపోతే పోనీ, పిల్ల బతకాలి.