అప్పన్నకు నేను పెట్టిన టోపీ

2021 చలికాలం. భిలాయి వైశాలి నగర్‌లో నాకు ఫొటో స్టూడియో ఉంది. పాత ఫొటోలు బాగుచేసే పనిని మేం రీటచింగ్ అంటాం. ఫొటోలో బట్టలు చెరిగిపోయిన చోట అతికించడానికి కోట్లు, చీరలు, యూనిఫాంలు కంప్యూటర్లో సిద్ధంగా ఉంటాయి. వాటిని టెంప్లేట్లు అంటాం.

స్మృతి నగర్ నుంచి రమణమ్మగారు తమ్ముడి ఫొటో తెచ్చారు. నేవీలో చేరిన అప్పన్న డెబ్బై ఒకటి యుద్ధంలో ఓడతో పాటే మునిగిపోయాడు. శవం దొరకలేదు. ఆవిడకు మిగిలింది ఆ ఒక్క ఫొటోయే. యుద్ధానికి యాభై ఏళ్లని, దాన్ని పెద్దది చేయించి మా తెలుగువాళ్ల హాల్లో పెట్టాలనుకున్నారు. అందులో నావికుడి గుండ్రటి టోపీని సగం చెదలు తినేశాయి.

అలాంటి టోపీ నా దగ్గర లేదు. ఆఫీసరు టోపీ ఉంటే పెట్టేశాను. దాంతోపాటు భుజాలకు బంగారు పట్టీలు కూడా వచ్చాయి. అప్పన్న కనుబొమ మీదున్న పాత గాటు టోపీ అంచు కిందికి పోయింది.

రమణమ్మగారు చాలాసేపు చూశారు.

"ఈడెవుడు బాబూ?"

"మీ తమ్ముడేనమ్మా."

"మా అప్పన్న ఓడలో వంట సేసీవోడు. ఆఫీసర్లకి కూరొండీవోడిని ఆఫీసర్నే సేసీసినావా? బతికుంటే పడీపడీ నవ్వును."

ఆవిడ మాత్రం నవ్వలేదు.

"హోదా పెరిగింది కదమ్మా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నాకు తెల్దేటి?"

అయినా మార్చలేదు. మర్నాడే ఆవిష్కరణ, ఫ్రేము కూడా కట్టేశాను. అందరూ నా పనితనాన్ని మెచ్చుకున్నారు. ఆవిడ రాలేదు. తర్వాత ఆ హాల్లో ఏ పెళ్లి జరిగినా ఆవిడ ఆ ఫొటో ఉన్న గోడకు వీపు తిప్పి కూర్చునేవారు.

ఈమధ్య ఒక పెళ్లిలో ఓ పాప ఫొటో చూపించి, ఈ కెప్టెన్‌గారు ఎవరని ఆవిడనే హిందీలో అడిగింది. "నానీ, యే కెప్టెన్ సాబ్ కౌన్ హై?"

"నాకు తెల్దమ్మా" అన్నారావిడ.

పక్క వరసలో భోంచేస్తూ ఆ మాట విన్నాను. ఆ ఫొటోకి సెల్యూట్ చేసిన వాళ్లందరికీ చెబుతున్నాను, అలాంటి ఆఫీసరు ఎవరూ లేరు. నేను తయారుచేసినవాడు అతను.

మర్నాడు పాత స్కాన్ తెరిచాను. మరకలు, మడతల గీతలు మాత్రం తీశాను. చెదలు తిన్నచోటు అలాగే తెల్లగా వదిలేశాను.

హాలు సెక్రటరీ అడ్డుపడ్డాడు. "దిమాగ్ ఖరాబయిందేటి భయ్యా? సగం టోపీ ఏటి బాగుంటాది? ఆఫీసరైతే హాలుకే దర్జా గదా."

"ఆ దర్జా నేనిచ్చిందే. నేనే దించుతాను" అని స్టూలెక్కాను. కొత్త ఫొటో కింద అప్పన్న పేరు, దాని పక్కన 'ఓడలో వంటవాడు' అని రాయించాను.

రమణమ్మగారిని నేనే తీసుకొచ్చాను. ఆవిడ కనుబొమ మీద గాటును వేలితో తడిమారు. "బిళ్లంగోడు ఆడతా నేనే కొట్టీసినాను." తర్వాత ఆడుకుంటున్న పాపను కేకేశారు.

"ఇలా రా. ఆ రోజు అడిగినావు గదా. ఈడు మా తమ్ముడు."

ఇప్పుడు ఎవరు పోయినవాళ్ల ఫొటో తెచ్చినా, కంప్యూటర్ తెరవకముందే అడుగుతాను, మనిషి ఎలా ఉండేవారని. వాళ్లకూ గుర్తులేని చోటు తెల్లగానే వదిలేస్తాను.