మళ్ళీ వస్తానన్న మాట

పోపు పెట్టని మిరియాల చారుకి ఒక వాసన ఉంటుంది. ఇంగువ, కరివేపాకు, ఆవాలు ఏవీ అడ్డం రాకుండా చింతపండు పులుపూ మిరియాల ఘాటూ నేరుగా గొంతులోకి దిగే వాసన. ఈ ఉదయం ఎల్‌బీ నగర్‌లోని మా ఫ్లాట్‌లో ఆ చారు కాచి, అటక మీంచి నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ దించాను. అడుగున ఎర్ర పెయింటు చుక్క సగం రాలిపోయినా ఇంకా కనబడుతోంది. ఆ చుక్క ఉన్న క్యారియర్‌ని మా చిన్నప్పుడు ఏ ఇంట్లోనూ వంటగదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు, ఎందుకంటే అది చావు జరిగిన ఇళ్ళకి అన్నం మోసే క్యారియర్.

అప్పుడు మేం దిల్‌సుఖ్‌నగర్ వెనక, సరూర్‌నగర్ చెరువు వైపు ఒక కాలనీలో రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఎండాకాలం ట్యాంకర్ హారన్ వినబడితే చాలు, బిందెలన్నీ వీధిలోకి పరుగెత్తేవి. వానాకాలం మోకాలి లోతు నీళ్ళలో చెప్పులు చేత్తో పట్టుకుని బడికి పోయేవాళ్ళం. బతుకమ్మ రోజులొస్తే గునుగుపూల రంగు అంటిన వేళ్ళతోనే నైవేద్యం పెట్టి పంచే నువ్వుల సద్దీ, పల్లీల సద్దీ పిడికిళ్ళకొద్దీ తినేవాళ్ళం. మధ్యాహ్నాలు మెట్ల మీద కచ్చకాయలాట, సాయంత్రాలు తొక్కుడుబిళ్ళ. సగం ఇళ్ళలో నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, సగం ఇళ్ళలో మాలాగా తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్ళు. పిల్లలం రెండు మాటలూ కలిపేసి మాట్లాడేవాళ్ళం. పెద్దవాళ్ళకి అంత సులువుగా కుదిరేది కాదు.

మా అమ్మ సుశీలకి అసలు కుదరలేదు. కూరగాయల బండి దగ్గర ఆవిడ "ఏవండీ, బెండకాయలెంతండీ" అంటే వెనకున్నవాళ్ళు ముసిముసిగా నవ్వేవారు. ఒకటి రెండుసార్లు అలా అయ్యాక బయటి పనులన్నీ నాన్నకీ నాకూ వదిలేసింది. కొత్తిమీర కట్ట కావాలన్నా నన్నే పంపేది. నాకు అమ్మ మీద జాలి వేసేదని రాస్తే బాగుంటుంది కానీ నిజం కాదు. సిగ్గు వేసేది. బళ్ళో పేరెంట్స్ మీటింగ్‌కి అమ్మ రాకపోతే హాయిగా ఉండేది.

అమ్మని గడప దాటించింది యాదమ్మ పెద్దమ్మ. నీళ్ళ ట్యాంకు పక్క రేకుల షెడ్డులో నడిచే మా కాలనీ మహిళా మండలికి ఆవిడే పెద్ద. చౌటుప్పల్ దగ్గరి మనిషి, ఆవిడ మాట వీధి ఆ చివరికి వినబడేది. ఒక ఎండాకాలం గేటు తోసుకుని వచ్చేసి, "ఇంట్ల కూసొని ఏం చేస్తవ్ సుశీలా, చలివేంద్రం కాడికి రా. నీళ్ళు పోసుడే కదా, మాటలతోని పనేముంది" అంది. అమ్మ వెళ్ళింది, నన్ను వెంటబెట్టుకునే. మెయిన్ రోడ్డు బస్టాపులో, తడిగుడ్డ చుట్టిన కుండల వెనక నిలబడి, కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చే పిల్లలకీ, విజయవాడ బస్సు కోసం మూటలతో నిలబడ్డవాళ్ళకీ గ్లాసులు అందించింది. మొదటి వారం తల ఎత్తలేదు. నెల తిరిగేసరికి "ఇంకో గ్లాసు తాగు నాయనా, ఎండ మండిపోతోంది" అంటోంది. ఆ "నాయనా" విని ఎవరూ నవ్వలేదు. అమ్మ ఇంట్లో కూనిరాగం తీయడం నేను మొదటిసారి విన్నది ఆ నెలలోనే.

మండలి చేసే పనుల్లో పెద్దది చావు ఇంటికి వండి పంపడం. చుట్టాలంతా ఊళ్ళలో ఉండిపోయారు కాబట్టి, పొయ్యి వెలిగించని ఆ రోజుల్లో ఇంటివాళ్ళకి ఇంత ముద్ద పెట్టేది కాలనీయే. ఒక ఇంట్లో అన్నం, ఒక ఇంట్లో పప్పు, ఒక ఇంట్లో చారు. దేనికీ పోపు పెట్టేవాళ్ళు కాదు, దుఃఖంలో ఉన్నవాళ్ళ ముందుకు ఆ వాసన పోవద్దని యాదమ్మ పెద్దమ్మ పెట్టిన పద్ధతి అది. తీసుకెళ్ళిన మనిషి పెట్టి, తినిపించి, చెప్పకుండా లేచి వచ్చెయ్యాలి. చావు ఇంట్లో వెళ్ళొస్తాననకూడదు. అలా అంటే ఆ ఇంటికి మళ్ళీ చావుని రప్పించినట్టని మావాళ్ళూ నమ్ముతారు, నల్గొండవాళ్ళూ నమ్ముతారు. ఇంకెందులో తేడా ఉన్నా ఇందులో లేదు.

మూడో వీధిలో ఉండే అండాలు అనే ఆవిడ భర్త లారీ నడిపేవాడు. ఒక తెల్లవారుజామున పెద్ద అంబర్‌పేట్ దగ్గర బండి పక్కన ఆపి, గుండె పట్టుకుని సీట్లోనే ఒరిగిపోయాడట. ఆ రోజు క్యారియర్ మోసే వంతు అమ్మది. పిల్లలు లోపలికి రాకూడదు కాబట్టి నేను గేటు దగ్గరే నిలబడ్డాను. అమ్మ అండాలు పక్కన కూర్చుని, ఒక్కొక్క ముద్దా కలిపి తినిపించడం కిటికీలోంచి కనబడుతూనే ఉంది. చాలాసేపటికి లేచి గడప దగ్గరికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఏ ఇంటి నుంచి వచ్చినా చెప్పి రావడం అలవాటైన నోరు. వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తాను వదినగారూ" అంది.

లోపల ఏడుపులు ఒక్కసారి ఆగిపోయాయి. యాదమ్మ పెద్దమ్మ అమ్మ రెక్క పట్టుకుని బయటికి తెచ్చి, గొంతు తగ్గించి, "గా మాట అంటరా ఎవరన్న? తెల్వదా నీకు?" అంది. ఆవిడ గొంతు తగ్గించగా నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. దారి పొడుగునా అమ్మ తల దించుకుని నడిచింది. "నీకు మాట్లాడటం రాదు, ఎందుకెళ్తావు" అన్నాను. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ మాట అనేంత వయసు, దాన్ని మర్చిపోలేనంత వయసు కూడా.

వారం తిరక్కుండా అండాలు అత్తగారు జ్వరంతో దవాఖానలో పడింది. ఎవరూ అమ్మని ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది, అమ్మే అనుకుంది. మండలి మానేసింది. చలివేంద్రం మానేసింది. గేటుకి గొళ్ళెం పెట్టుకుని, "నా నోరు మంచిది కాదే" అని నాతో ఒక్కసారి మాత్రం అంది. మళ్ళీ కొత్తిమీరకి నేనే వెళ్ళడం మొదలైంది. ముసలావిడ కోలుకుని ఇంటికొచ్చిందని తెలిశాక కూడా అమ్మ బయటికి రాలేదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం గేటు బయట ఎవరో నిలబడ్డారు. పిలవడం లేదు, గొళ్ళెం తియ్యడం లేదు. చూస్తే అండాలు. బోసి నుదురు, చేతిలో, ఆ రోజు అమ్మ అక్కడే వదిలేసి వచ్చిన క్యారియర్, తళతళా తోమినది. పసుపు కుంకుమలున్న ఇంట్లోకి తాను అడుగు పెట్టకూడదని రోడ్డు మీదే నిలబడింది. అమ్మ గుమ్మంలో కొయ్యబారిపోయింది. తిట్టడానికే వచ్చిందని నేననుకున్నాను.

"మళ్ళొస్తనంటివి కదా వదినా," అంది అండాలు. "గా దినం సంది చూస్తున్న. అందరు చెప్పకుంటనే పోయిన్రు. పదకొండు దినాలైనంక ఒక్కరు రాలే. ఒస్తనన్నది నువ్వొక్కదానివే. నువ్వన్న ఒస్తవనుకున్న."

అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే గొళ్ళెం తీసి, అండాలు వద్దు వద్దంటున్నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, వంటగదిలో తన పీట మీదే కూర్చోబెట్టింది. ఎర్రచుక్క క్యారియర్ కూడా లోపలికే వచ్చింది. పొద్దున్నే కాచిన చారు వేడి చేసి, అన్నంలో కలిపి ఆవిడ ముందు పెట్టింది.

ఆ వారమే అమ్మ మండలికి వెళ్ళింది. చాపల మీద పాతికమంది ఆడవాళ్ళ మధ్య లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు ఒకసారి సర్దుకుంది. "ఒకరోజు వండి పంపితే సరిపోదండీ. చుట్టాలు వెళ్ళిపోయాకే ఇల్లు బోసిపోతుంది. అప్పుడు వెళ్ళి కూర్చోవాలి. వంతులు వేసుకుందాం. మొదటి వంతు నాది" అంది. అన్ని "అండీ"లతో, తన మాటలోనే అంది. యాదమ్మ పెద్దమ్మ "మంచిగ చెప్పినవ్ బిడ్డా. గిన్నేండ్లకెల్లి మాకెవ్వలకు తోచలే" అంది. అప్పట్నుంచి ఆ పద్ధతి నిలబడింది. ఆ ఏడు బతుకమ్మకి, గోడ వారగా నిలబడ్డ అండాలుని అమ్మే వెళ్ళి చేయి పట్టుకుని వలయంలో కలుపుకుంది. గొణిగినవాళ్ళు గొణిగారు, అమ్మ వినిపించుకోలేదు.

రేకుల షెడ్డు ఉన్న చోట ఇప్పుడు నాలుగంతస్తుల హాస్టల్ ఉంది. షెడ్డు కూల్చిన రోజు అమ్మ ఈ క్యారియర్ ఒక్కటే తెచ్చుకుంది. యాదమ్మ పెద్దమ్మ లేదు. చలివేంద్రం కుండల చోట మెట్రో స్తంభం లేచింది. మూడేళ్ళ క్రితం అమ్మ పోయినప్పుడు అండాలత్త కర్ర పొడుచుకుంటూ వచ్చి, లేచేటప్పుడు అందరూ వింటుండగా "మళ్ళొస్త బిడ్డా" అంది. చెప్పినట్టే ఆ నెలంతా వచ్చింది. మరుసటేడు ఆవిడా పోయింది.

మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు చావు కబురు ఫోన్ గ్రూపులో వస్తుంది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాలుగో అంతస్తు అమ్మాయి భర్త పోయిన రోజు నేనూ ఆ బొమ్మే పెట్టాను. పన్నెండు రోజులకి చుట్టాలు వెళ్ళిపోయారు. నిన్న లిఫ్టు దగ్గర ఆ అమ్మాయి తలుపు ముందు, విప్పని హోటల్ భోజనం సంచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలాగే ఉంది.

ఈ రోజు క్యారియర్ తీసుకుని వెళ్ళాను. ఆ అమ్మాయి పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు. చారు అన్నం కలిపి పెడితే తల దించుకునే నాలుగు ముద్దలు తింది. లేచి గడప దాకా వచ్చాక కాళ్ళు ఆగాయి. అమ్మని తిట్టిన నోరు ఇదే. వెనక్కి తిరిగి, "మళ్ళీ వస్తానమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూసి, "ఎప్పుడు?" అంది.