సుగుణక్క గదిలో రక్తపిశాచి

మొన్న సూరత్‌లో, ఆల్థాన్ వైపు ఒక బట్టల దుకాణానికి వెళ్ళాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి కొత్త ఎంబ్రాయిడరీ చీర మడత విప్పి నా ముందు పరిచింది. మిషన్ నూనె, గంజి, కాస్త వేడెక్కిన నైలాన్ కలిసిన వాసన గుప్పున వచ్చింది. పువ్వు వెనక ఎవరో కత్తిరించడం మరిచిపోయిన దారం ఒకటి నా వేలికి తగిలింది. అంతే, చీర రంగు చూడాల్సిన నేను నాలో నేను నవ్వుకుంటూ నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు డిండోలిలో సుగుణక్క ముందుగది గుర్తొస్తుంది. ఆ గది గుర్తొస్తే ఒక రక్తపిశాచి గుర్తొస్తాడు. దయ్యాలు లేవని ఇన్నేళ్ళుగా సభల్లో గొంతు చించుకుంటున్న నేను ఈ మాట రాయడం కొందరికి వింతగా ఉండవచ్చు. వింతేమీ లేదు. రక్తపిశాచి లేడు, సుగుణక్క ఉండేది. వాదించడం నాకు మా బాబాయి నేర్పాడు. వినడం ఆమె నేర్పింది. అందుకు ఆమెకు దొరికిన పాఠ్యపుస్తకం ఒక చీకటి శృంగార కథ.

సుగుణక్క తాత మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి సూరత్ వచ్చినవాడు. ఆమె ఇక్కడే పుట్టి, గుజరాతీ బడిలో ఐదో తరగతి దాకా చదివింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఐదారుగురు ఆడవాళ్ళు ఆమె గదిలో చేరేవారు. మిషన్ మీద కుట్టు పూర్తయిన చీరల వెనక తేలిన దారాలను చిన్న కత్తెరలతో తీసివేయడం వాళ్ళ పని. ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. ఒకరు కత్తెర పట్టకుండా పత్రిక పట్టుకుని పైకి చదవాలి. చదివేవాళ్ళ వాటా చీరలు మిగతావాళ్ళు పంచుకుని చేస్తారు. "చదువుడు గూడ పనే" అనేది సుగుణక్క. కథ మొదలయ్యే ముందు పత్రిక తీసుకుని పేజీల అంకెలు చూసేది, ఎందుకంటే అంకెలు ఆమెకు వచ్చు. ఆ రోజుల్లో చదివేదాన్ని నేనే. నేను ఒక పేజీ చదివేసరికి ఆమె చేతిలో ఒక చీర పూర్తయ్యేది. ఎప్పుడూ అంతే, పేజీకి ఒక చీర.

నాకప్పుడు ఇరవై ఒకటి. డిగ్రీ అయిపోయి, బమ్రోలిలో అమ్మానాన్నలతో ఉంటూ, మధ్యాహ్నాలు డిండోలి వెళ్ళి వాళ్ళకు చదివిపెడుతున్నాను. మా బాబాయి నన్ను చిన్నప్పటి నుంచి హేతువాద సభలకు తిప్పాడు. ఒక తాయెత్తుల బాబాను పదిమంది ముందు ప్రశ్నించి నోరు మూయించిన పిల్లనని నాకు గొప్ప. ఆ సంవత్సరం హైదరాబాద్ నుంచి పోస్టులో వచ్చే ఒక మాసపత్రిక రక్తపిశాచుల కథలు మొదలుపెట్టింది. అన్నీ చిన్న కథలు, అన్నీ చీకటిగా ఉండేవి, కోరికను దాచకుండా చెప్పేవి. మూడో నెలలో సంపాదకుడు చివరి పేజీలో పాఠకులను అడిగాడు: ఈ కథలు కొనసాగించాలా, ఆపేయాలా, మీ అభిప్రాయం రాయండి అని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక పక్క మూఢనమ్మకం, ఇంకో పక్క అశ్లీలం. శ్రామిక స్త్రీలు ఈ చెత్తను తిప్పికొట్టారని ఒక ఉత్తరం రాస్తే ఎంత బలంగా ఉంటుంది అనుకున్నాను. అయితే వాళ్ళు తిప్పికొట్టాలి కదా. అందుకని ఆ నెల కథ చదివేటప్పుడు, నాకు తగదనిపించిన నాలుగు పేజీలు వదిలేశాను. మిగిలినదాంట్లో వాన, ఒక గడియారాల దుకాణం, ఒక ఆడమనిషి, తలుపు దగ్గర ఒక అపరిచితుడు తప్ప ఇంకేమీ లేవు. చదవడం అయ్యాక ఇలాంటి కథలు రావాలా అని అడిగాను. "సప్పగుంది చెల్లె, వస్తె ఎంత, రాకుంటె ఎంత" అన్నారు. ఇంటికి వెళ్ళి, ఆ ఆరుగురి పేర్లూ పెట్టి, "ఈ కథలను మేము అసహ్యించుకుంటున్నాం" అని ఉత్తరం రాసి, ఆ సాయంత్రమే పోస్టు చేశాను. నడుస్తుంటే నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మర్నాడు గదిలో అడుగుపెట్టానో లేదో, సుగుణక్క కత్తెర పక్కన పెట్టింది.

"నిన్న కథకు పన్నెండు పేజీలు చూసిన. ఎనిమిది చీరలకే ఒడిసింది. నాలుగు చీరల కథ ఏడ బోయె?"

"జల్దీ చదివిన అక్కా."

"జల్దీ చదివితే గొంతు ఎండుతది. నువ్వు నీళ్ళు గూడ అడగలే."

ఇక దాచలేక, ఆ పేజీలు మంచిగా లేవని, మీకెందుకులే అని వదిలేశానని చెప్పాను. ఆమె కోప్పడలేదు. "మాకెందుకో మేం చెప్తం. కత్తిరించుడు మా పని, చెల్లె. నీది చదువుడు" అంది.

చదివాను. ఆ అపరిచితుడు రక్తపిశాచి. ఎవరైనా పిలిస్తే తప్ప గడప దాటలేడు. రెండు సాయంత్రాలు వానలో నిలబడి, రావచ్చా అని అడుగుతాడు. ఆమె వద్దంటుంది, అతడు వెళ్ళిపోతాడు. మూడో సాయంత్రం ఆమె దీపం తగ్గించి రమ్మంటుంది. తన జుట్టు తానే పక్కకు జరుపుకుని, మెడ వంచి, అతడి చల్లటి చేతిని తన రవిక ముడి దగ్గరికి తీసుకుంటుంది. నా చెవులు కాలిపోతున్నాయి. మధ్యలో ఏదో తేడాగా అనిపించి తలెత్తాను. కత్తెరల చప్పుడు లేదు. అందరి కత్తెరలూ ఒళ్ళో ఉన్నాయి.

ముందుగా మాట్లాడింది రాజవ్వ. అరవై దాటిన మనిషి, శనివారం గుడి తప్పదు. నేను ఎక్కువగా భయపడింది ఆమె గురించే. "వాడు గడప అవతల నిలబడి అడిగిండు. వద్దంటె రెండుసార్లు ఎల్లిపోయిండు. నేను ముప్పై ఏండ్లు కాపురం జేసిన. మా ఆయన ఒక్కనాడన్న అడిగిండా?"

గదంతా నవ్వింది. అందరికంటే చిన్నది లలిత, కరీంనగర్ నుంచి పెళ్ళయి వచ్చి రెండేళ్ళు. ఆమె ముఖం ముడుచుకుంది. "నాకు నచ్చలే. మెడ కొరుకుడేంది, ఛీ. సూది గుచ్చుకుంటెనే నాకు కండ్లు తిరుగుతయి. కాని ఆమె జుట్టు పక్కకు జరుపుకుంటది సూడు, గా ముక్క మాత్రం మల్ల సదువు."

నేను నా సిద్ధాంతం బయటికి తీశాను. రక్తం పీల్చేవాడంటే నిజానికి మిల్లు సేఠ్ అని, కథను అలా అర్థం చేసుకోవాలని చెప్పాను. సుగుణక్క చేయి ఊపింది. "ఊకో చెల్లె. పొద్దంత సేఠే. కథల గూడ సేఠేనా?"

"అది కాదక్కా, ఇట్లాంటివి చదివితే దయ్యాలున్నాయని నమ్మరా?"

రాజవ్వ నన్ను జాలిగా చూసింది. "ఓసి పిచ్చిదాన. దయ్యం ఉంటె అడిగి వస్తదా? గిది కథ."

ఎన్ని సభల్లో ఎన్ని గంటలు మాట్లాడితే నేను ఆ రెండు ముక్కలంత స్పష్టంగా చెప్పగలను? వాళ్ళకు నా రక్షణ అక్కర్లేదు. నచ్చినవాళ్ళు ఉన్నారు, నచ్చనివాళ్ళు ఉన్నారు, ఒకే కథలో సగం నచ్చి సగం నచ్చనివాళ్ళు ఉన్నారు. ఒక్కరూ దాన్ని అసహ్యించుకోలేదు. కానీ ఉత్తరం వెళ్ళిపోయింది. ఆ మాట చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. అంతమంది పాఠకులు రాస్తారు, నాది వేస్తారా ఏమిటి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వేశారు. మరుసటి నెల సంచికలో అన్నిటికంటే పైన, పెట్టె కట్టి వేశారు. సూరత్ శ్రామిక మహిళల ఖండన అని శీర్షిక, కింద ఆరు పేర్లు. దాని కింద సంపాదకుడి మాట: ఇలాంటి లేఖలను గౌరవించి ఈ కథలను ఈ సంచికతో ఆపుతున్నాం. అచ్చులో నా వాక్యాలు మొదటిసారి చూసుకున్నాను. బాబాయి ఇంటికి వచ్చి మరీ మెచ్చుకున్నాడు. ఆ పత్రిక పట్టుకుని డిండోలి నడిచిన దారంతా నేను లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఆ ఉత్తరం అర పేజీ. అర చీర. సుగుణక్క కొలతకు కూడా దొరకదు. ఆ గదిలో తెలుగు తడుముకోకుండా చదివేది నేనొక్కదాన్నే. పేజీ తిప్పేస్తే చాలు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

దొరకదన్న ఆలోచనే నన్ను నిలబెట్టేసింది. బాబాను సభలో నిలదీసినప్పుడు నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: వీళ్ళకు తెలియదన్న ధైర్యంతోనే కదా నువ్వు చెప్తున్నావు అని. గదిలో కూర్చుని, కథ కంటే ముందు ఆ ఉత్తరం తీసి, పేర్లతో సహా, ఒక్క మాట వదలకుండా చదివాను.

"నా పేరు గూడ ఉందా?" అంది రాజవ్వ.

"ఉంది."

"నేను అసహ్యించుకున్ననా?"

లలిత నెమ్మదిగా అంది, "నాకు నచ్చలేదని అన్న, అది నిజమే. అసహ్యమని నేననలే."

సుగుణక్క చేతిలోని చీర పూర్తి చేసి మడత పెట్టింది. తర్వాత లేచి వచ్చి, నా చేతిలోంచి పత్రిక తీసుకుని లలితకు ఇచ్చింది. తన కత్తెర నాకిచ్చింది. "ఇన్ని దినాలు నీ వాటా మేం కోసినం. ఇయ్యాల కూసోని కొయ్యి."

లలిత ఎప్పుడో ఏడో తరగతిలో వదిలేసిన తెలుగు అది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ ఆఖరి కథ మొదలుపెట్టింది. ఈసారి రక్తపిశాచి ఆడది. వంద ఏళ్ళుగా ఎవరినీ తాకని ఒక స్త్రీ, తన మేడ మెట్ల మీద ఒక వీణ బాగుచేసేవాడికి ఎదురుపడుతుంది. లలిత ఒక వాక్యం దాటేలోపు నేను సగం పువ్వు శుభ్రం చేస్తున్నాను. ఆ ఆలస్యంలో ఏం జరిగిందో చెప్పలేను. జీవితంలో మొదటిసారి నేను కథను తీర్పు చెప్పడానికి కాకుండా వినడానికి విన్నాను. ఆమె అతడి మణికట్టు మీద పెదవులు ఆనించి, నీకు భయంగా ఉందా అని అడిగిన చోట లలిత ఆగి, నీళ్ళ చెంబు అందుకుంది.

"తర్వాత?" అన్నాను. నాకు తెలియకుండానే వచ్చేసింది.

"అగో" అంది రాజవ్వ, "లెక్చర్ పిల్లకు గూడ కావాల్నట." నవ్వులు నవ్వులు. లలితకు పొరపోయింది.

సుగుణక్క మాత్రం నవ్వలేదు. "మంచిగుందా?" అని అడిగింది.

"ఉందక్కా."

"ఆ నాడు నువ్వు దాసిన నాలుగు పేజీలు? గవి గూడ మంచిగనే ఉండెనా?"

ఇంత సూటి ప్రశ్న నన్ను ఏ సభలోనూ ఎవరూ అడగలేదు. ఆ నాలుగు పేజీలు వాళ్ళకు చదివి వినిపించకముందు నేను ఇంట్లో ఒక్కదాన్నే మూడుసార్లు చదివాను. ఒళ్ళంతా జల్లుమంది. ఆ జల్లుకే నేను అశ్లీలం అని పేరు పెట్టాను. "ఉండెనక్కా" అన్నాను.

"మరి గా మాటే రాయి. నీది నీ పేరు మీద రాయి. మావి మేం చెప్పినట్టు రాయి."

అక్కడే కూర్చుని రాశాను. రాజవ్వ గడప మాట, లలిత సూది మాట, సేఠ్ గురించి సుగుణక్క విసుగు, ఎవరిది వారిదిగా. చివర నాది: ఆ ఖండన వీళ్ళది కాదు, నాది. నా విషయంలో కూడా అది అబద్ధం. రక్తపిశాచులు లేరు, ఈ కథలు నాకు నచ్చాయి. ఆ ఉత్తరమూ అచ్చయింది, రెండు నెలలకు కథలు మళ్ళీ మొదలయ్యాయి. చదివే చోటు నాకు తిరిగి దక్కడానికి మాత్రం ఒక వానాకాలం పట్టింది. సుగుణక్క తొందరపడలేదు. లలిత చదువు గాడిన పడ్డాకే పిలిచి, ఇక ఇద్దరూ వంతులేసుకోండి అంది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నా గొంతు ఏమీ తగ్గలేదు. తాయెత్తుల మీద, బాబాల మీద, జాతకాల మీద ఇప్పటికీ అంతే గట్టిగా అరుస్తాను, అరుస్తూనే ఉంటాను. కానీ ఎవరైనా ఒక పుస్తకం మీద అభిప్రాయం రాయమంటే, కలం పట్టుకునే ముందు నన్ను నేను అడుగుతాను: చదువుతున్నప్పుడు నీకేమైంది? జవాబు ఒక్కోసారి చెప్పుకోలేనంత సిగ్గుగా ఉంటుంది. అప్పుడు దాన్నే మొదటి వాక్యంగా రాస్తాను.