సత్తు పళ్లెం చప్పుడు

సత్తు పళ్లెం మీద చెంచా టకటకలాడేది. ఆ తర్వాతే అమీరున్నీసా కనిపించేది, నారాయణఖేడ్‌లో మా పక్కింటి వాకిట్లో, కొంగు నడుముకు దోపుకుని. ఆ చప్పుడుకు కోళ్లు, మేకలు, ముసలి కుక్క పరిగెత్తుకొచ్చేవి. 1984 వేసవిలో ఆమె తమ్ముడు హైదరాబాదు నుంచి తెచ్చిన పర్షియన్ పిల్లి మలాయి, పాలనురగలా తేలుతూ అన్నిటికంటే ముందొచ్చి, కుక్క వీపుకు ఆనుకుని కూర్చునేది. "పిల్లికి కోళ్లతోని దోస్తానా? ఇగ ఒక్క పిల్ల మిగలదు" అని ఎదురింటి పోశమ్మ నవ్వేది. "మా మలాయి అసుంటిది కాదు" అనేది అమీరున్నీసా.

ఒక పొద్దున మలాయి కోడిపిల్లను నోట కరుచుకుని వచ్చింది. "హాయ్ అల్లా! నమ్మితే సంపినవానే!" అంటూ ఆమె పళ్లెం విసిరింది. అంచు ముందుకాలికి తగిలింది. పిల్లి కుంటుతూనే ఆమె పాదాల దగ్గరికొచ్చి, కోడిపిల్లను మెల్లగా వదిలింది. అది కుడితిలో నిలువెల్లా తడిసి ఉంది. కీచుమంటూ లేచి నిలబడింది. ఒంటిమీద పంటి గాటు లేదు. కుడితి తొట్టి నుంచి ఆమె పాదాల దాకా నేలమీద తడి చార. పళ్లెం విసిరిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

మర్నాడు చప్పుడు వినిపించలేదు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఆమె గడపలో కూర్చుంది. ఎదురుగా జీవాలన్నీ నిలబడ్డాయి, మూడు కాళ్లమీద మలాయి అన్నిటికంటే ముందు. ఏమైందని అడిగాను.

"గీ పళ్లెంతోనే దాన్ని కొట్టిన బేటా. గీ సప్పుడు కోసమే మళ్ల ముందుగాల వచ్చి నిలబడ్డది. నా చెయ్యే లేస్తలేదు."