మూడు కిలోమీటర్లకు రెండు వందల మీటర్లు తక్కువ

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కన్నా నా కాళ్ల మీద నమ్మకం ఎక్కువ. డిగ్రీ అయిపోయింది, చేతిలో కొత్త ఫోన్ ఉంది, తెలుగులో నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయగలనన్న పొగరుంది. కడుపు నిండా దుఃఖం తెచ్చుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? హైదరాబాదులో ప్రయాణాల గురించి రాసే ఒక వెబ్‌సైట్ వాళ్లు మనుషులు కావాలంటే దరఖాస్తు పెట్టాను. అక్కడి మేడమ్ ఫోన్ చేసి, "టూరిస్టుల రద్దీ లేని ఊళ్లు, కాలినడకన తిరగగలిగే పేటలు, అసలు సిసలు జీవితం... అదీ మాకు కావలసింది" అంది. మా సూర్యాపేటలో టూరిస్టుల రద్దీ అంటే విజయవాడ బస్సు హైవే హోటల్ ముందు ఆగినప్పుడు టీ కోసమో, మరో అవసరం కోసమో పది నిమిషాలు దిగే జనమే. ఆ రద్దీకి దూరంగా పోవాలంటే రోడ్డు దాటితే చాలు. ఉద్యోగం వచ్చేసిందనే అనుకున్నాను.

షరతు ఒక్కటే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడింట్లో ఏదో ఒక ఊళ్లో మూడు కిలోమీటర్లు, ఎక్కడా బండెక్కకుండా, సందుల్లో నడిచి, చూసింది రాయాలి. నడిచిన దారిని వాళ్ల యాప్ ఫోన్‌లో గీస్తుంది. వేగం పెరిగిందా, కుయ్యిమని మోగి 'వాహనం' అని ఎర్ర అక్షరాలు చూపించి అప్పటిదాకా నడిచిందంతా కొట్టిపారేస్తుంది. ఆదివారం సాయంత్రంలోపు పంపితే ఉద్యోగం. పంపకపోతే పెన్‌పహాడ్‌లో మా మేనమామ ఎరువుల దుకాణంలో యూరియా వాసన పీలుస్తూ కూర్చోవడం. (మామ అప్పటికే నా కోసం తిరిగే కుర్చీ ఒకటి కొని, దాని ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా భద్రంగా ఉంచాడు. ఆ కవరు తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు.)

నాకు తెలియనిదల్లా మా ఊళ్లో వాకింగ్ వేరు, నడవడం వేరు అన్న సంగతి. పొద్దున ఆరింటికి బూట్లేసుకుని చెరువు కట్ట మీద ఎన్ని చుట్లు తిరిగినా ఎవరూ ఏమీ అనరు, అది షుగరు. పదింటికి చెప్పులేసుకుని సందులో నడిస్తే మాత్రం అది కష్టం. బండి చెడిపోయి ఉండాలి, పెట్రోలన్నా అయిపోయి ఉండాలి, లేదా ఇంట్లో ఏదో జరిగి ఉండాలి. శుక్రవారం నాడు అర కిలోమీటరు నడిచానో లేదో, మామ బండి వచ్చి నా ముందు ఆగింది.

"ఏందే, నీ స్కూటీ ఏమైంది?"

"ఇంట్ల ఉంది మామా. నడుస్తున్న."

"గదే అడుగుతున్న, ఎందుకు నడుస్తున్నవ్?"

"ఊరు సూస్తున్న."

మామ ఊరి వంక ఒకసారి చూశాడు, నా వంక ఒకసారి చూశాడు. "పుట్టినకాడి నుంచి గీడనే ఉంటివి, ఇప్పుడేం సూస్తవే? ఎక్కు." నేను ఎక్కనంటే ఎక్కనన్నాను. మామ పోతూ పోతూ మా నాన్నకు ఫోన్ కొట్టాడు. తర్వాత పక్కింటి ఆంటీ స్కూటీ ఆపి, నా చెయ్యి పట్టుకుని, "ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా బిడ్డా? నాకు చెప్పు, ఎవ్వరికీ చెప్పను" అంది. (ఆంటీకి చెప్పడం, మైకులో చెప్పడం ఒకటే.) ఆమెనూ వదిలించుకున్నాను. రెండు కిలోమీటర్లు దాటాక టెన్త్‌లో లెక్కలు చెప్పిన సార్ వచ్చారు. "ఎండల తిరుగుతున్నవా? ఎక్కు" అన్నారు, అంతే. నా కాళ్లు నన్నడక్కుండా బండెక్కి కూర్చున్నాయి. జేబులో ఫోన్ కుయ్యిమంది. సార్ నన్ను మా ఇంటి గేటు ముందే దింపి, అమ్మతో "పిల్లను జర కనిపెట్టుకొని ఉండు" అని చెప్పి మరీ వెళ్లారు.

చివ్వెంల స్కూల్లో టీచరైన మా నాన్న ఒంటిపూట బడి ముగించుకుని మధ్యాహ్నం వచ్చాడు. పొద్దున్నుంచి పాఠం చెప్పనీయకుండా ఫోన్లు వచ్చాయట. "సార్, మీ బిడ్డ ఒక్కతే నడుసుకుంట పోతుంది, అంత మంచేనా అని అడుగుతున్నరే. ఉన్న బండి ఇంట్ల పెట్టి నడిస్తే నా ఇజ్జత్ ఏం కావాలె?" అన్నాడు. నేను ఉద్యోగం సంగతి చెప్పాను. "నడిస్తే ఉద్యోగం ఇస్తరా?" అని అన్నం కలుపుతూ కలుపుతూ మళ్లీ మళ్లీ అడిగాడు.

శనివారం కోదాడ పోయాను. అక్కడ నన్నెరిగినవాళ్లు లేరు కదా అని ధైర్యం. అయితే ఎవరూ ఎరగని మనిషి ఇళ్ల వంక చూస్తూ నడిస్తే ఏమనుకుంటారో నేను ఆలోచించలేదు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ, "ఎవరింటికమ్మా?" అని పిలిచింది.

"ఎవరింటికీ కాదండీ, ఊరికే చూస్తున్నా."

"మొహమాటమెందుకమ్మా, అద్దెకేగా? మా మేడ మీద పోర్షన్ ఖాళీగానే ఉంది. నీళ్లకి ఇబ్బందే లేదు, రా."

తల అడ్డంగా ఊపాల్సింది, భయానికి నిలువుగా ఊపాను. మేడ ఎక్కించింది. వంటగట్టు ఎత్తు సరిపోతుందేమో నిలబడి చూడమంది. నిలబడ్డాను, సరిపోయింది. పెళ్లయిందా, ఎంతమంది ఉంటారు, వచ్చిపోయే చుట్టాలు ఎక్కువా అని అడిగింది. అన్నిటికీ నోటికొచ్చినట్టు జవాబులు చెప్పాను. (ఆ అబద్ధాల్లో నాకొక భర్త, అతనికి బ్యాంకులో ఉద్యోగం కూడా ఉన్నాయి.) చివరికి గది చిన్నదన్నాను. అదే నేను చేసిన తప్పు. "అయితే హుజూర్‌నగర్ రోడ్డులో మా చెల్లెలిది పెద్దది ఉంది" అని కోడల్ని పిలిచి స్కూటీ తీయించింది. నేను నడిచొస్తానంటే, "ఇంత ఎండలో నడిపిస్తే మాకు పాపం తగలదూ?" అని వెనక సీటు మీద కూర్చోబెట్టింది. మళ్లీ కుయ్యిమంది. చెల్లెలి ఇల్లు నిజంగానే పెద్దది, గాలీ వెలుతురూ బాగున్నాయి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చాను. మనిషి తన కాళ్ల మీద తాను మూడు కిలోమీటర్లు నడవలేని చోట పుట్టించావెందుకు దేవుడా అని అడిగాను. నా బతుకు ఎరువుల బస్తాల మధ్యే తెల్లారుతుందని ఖాయమైపోయింది.

నా మొహం చూసి నాన్న అన్నాడు: "రేపు మిర్యాలగూడకు నేనొస్త. నువ్వు ముందు నడువు, నేను ఎనకాల బండి మీద మెల్లగ వస్త. ఎవడాపుతడో సూస్త."

ఆదివారం పొద్దున రైల్వే స్టేషన్ దగ్గర నుంచి మొదలుపెట్టాను. మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తోంది. వెనక పది అడుగుల దూరంలో నాన్న బండి ఫస్ట్ గేరులో గురగురమంటూ వస్తోంది. రెండు సందులు దాటామో లేదో, నల్లా దగ్గర బిందెలు నింపుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు లేచి మా నాన్న బండికి అడ్డం నిలబడ్డారు.

"ఏమయ్యో పెద్దమనిషీ, తలకాయ నెరిసింది, సిగ్గు లేదా? ఆడపిల్ల ఎనకాల బండేసుకొని తిరుగుతవా?"

"అయ్యో, నా బిడ్డమ్మా!"

"దొరికినంక అందరు గట్లనే అంటరు. బిడ్డైతే బండెక్కించుకోవా మరి?"

ముప్పై ఏళ్లు పిల్లలకు నీతులు చెప్పిన మా నాన్న నన్ను రమ్మని రెండు చేతులూ ఊపాడు. నేను వెనక్కి పరుగెత్తి, ఆయన మా నాన్నేనని ఒట్టు పెట్టాల్సి వచ్చింది. వాళ్లు నమ్మీ నమ్మనట్టు చూసి, "అయితే ఎందుకు నడిపిస్తున్నవ్ పిల్లను, పాపం?" అని మరోసారి తిట్టారు. నాన్న మొహం కందిపోయింది. బండిని ఒక కిరాణా కొట్టు పక్కన నిలిపి తాళం వేసి, "నడువు, నేను గూడ నడుస్త" అన్నాడు.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ ఆపలేదు. తండ్రీ కూతుళ్లు మాట్లాడుకుంటూ పోతుంటే కష్టంలో ఉన్నట్టు కనిపించదు కాబోలు. మాట్లాడింది మాత్రం నాన్న ఒక్కడే. ఇంటర్ చదివేటప్పుడు ఆ సందుల్లోనే ముగ్గురు స్నేహితులు కలిసి ఒక గదిలో ఉన్నారట. నీలం తలుపు ఒకటి చూపించి, "గీ ఇంట్ల ముసలామె మాకు రోజు చారు పోసేది" అన్నాడు. ఆ మలుపులో ఒకసారి నాన్న సైకిలు మీంచి పడి పన్ను ఊడితే, ఆ పన్ను కోసం ముగ్గురూ సందంతా వెతికారట. నేను ఊఁ కొడుతూ ఫోన్ చూసుకుంటున్నాను. ఒకటి పాయింటు తొమ్మిది. రెండు పాయింటు రెండు. అసలు సిసలు జీవితం కావాలన్న మేడమ్‌కు రాసి పంపాల్సింది సరిగ్గా అదేనని నా బుర్రకు తట్టలేదు. రెండున్నర దగ్గర నాన్న మాటలు ఆగిపోయాయి. మంచిదే, తొందరగా నడవొచ్చు అనుకున్నాను.

రెండు పాయింటు ఎనిమిది దగ్గర ఒక ఇంటి మెట్ల మీద కూర్చుండిపోయాడు. "నువ్వు పో బిడ్డా, ఖతం చేసి రా. నేను గీడనే ఉంట." పది అడుగులు వేశాను కూడా. (ఇది చెప్పకపోతే మీకేం తెలియదు, కానీ చెప్పాలి. పది అడుగులు వేశాను.) వెనక్కి చూస్తే చొక్కా మొత్తం చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది, మొహం బూడిద రంగులోకి తిరిగింది. ఆటోకు చెయ్యెత్తింది నేనే. దవాఖాన అనగానే ఆటో ఒక్కసారిగా ఉరికింది. జేబులో ఫోన్ కుయ్యిమంటే, కళ్లు మూసుకునే నాన్న అడిగాడు, "పోయిందా?"

"పోతే పోనీ నాన్నా."

"పొద్దున తినకుంట షుగరు మందేసుకున్న. జల్ది అయిపోతది కదా అనుకున్న" అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా. దవాఖానలో సాయంత్రం దాకా ఉంచి గ్లూకోజ్ ఎక్కించారు. షుగర్ పడిపోయింది తప్ప భయం లేదన్నారు. మంచం మీద లేచి కూర్చోగానే, "మేడమ్‌తోని నేను మాట్లాడతనే, టీచరు మాట ఇంటది" అన్నాడు. మేడమ్ వినలేదు. నేను సోమవారం నుంచి పెన్‌పహాడ్ పోయాను, రెండేళ్లు పోయాను. ఆ రెండేళ్లూ, నా ఉద్యోగం రెండు వందల మీటర్ల దూరంలో చేజారిందని కనబడిన వాళ్లందరికీ చెప్పుకుని ఏడ్చాను.

ఇప్పుడు వేరే పని చేసుకుంటున్నాను, నాన్న రిటైరై ఇంట్లో ఉన్నాడు, మోకాళ్ల వల్ల గేటు దాకా కూడా నడవడు. మొన్న ఆయన్ను బండి మీద ఎక్కించుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే, నా భుజం మీద ఆయన చెయ్యి తగిలి ఎందుకో ఒక సంగతి తోచింది. చిన్నప్పటి నుంచి నాన్నతో ఎక్కడికి పోయినా బండి మీదే పోయాను, నేను చూసింది ఆయన వీపునే. నవ్వినప్పుడు ఆయన చెంప ఎలా ముడతపడుతుందో పక్కన నడుస్తూ చూసింది మిర్యాలగూడలో ఆ ఒక్క ఉదయమే. అది కూడా ఫోన్లోంచి తలెత్తినప్పుడు నాలుగైదుసార్లు. రెండు వందల మీటర్లకు రెండేళ్లు ఏడ్చిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ పిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కుని, "పక్కకు సూడవే పిచ్చిదానా, మీ నాన్న నడుస్తుండు" అని చెప్పాలనిపిస్తుంది.